వంగని మెడకు నిత్యకర్మ

వినాయక చవితి నాడు తెలుగు ఇళ్లలో చదివే వ్రతకథలో ఒక ఘట్టం ఉంది. కుడుములు, ఉండ్రాళ్లు కడుపారా తిన్న విఘ్నేశ్వరుడు కైలాసానికి తిరిగి వచ్చి తల్లిదండ్రులకు సాష్టాంగపడబోతాడు. చేతులు నేలకు ఆనితే కాళ్లు ఆనవు, కాళ్లు ఆనితే చేతులు ఆనవు. మధ్యలో పొట్ట అడ్డం. ఆ అవస్థ చూసి శివుడి తల మీది చంద్రుడు నవ్వుతాడు. ఆ తరువాతిది అందరికీ తెలుసు: శాపం, చవితి చంద్రుణ్ణి చూడకూడదన్న నియమం, శమంతకమణి నింద. అక్షతలు చేతిలో పట్టుకుని వినేవాళ్ల ధ్యాస నీలాపనిందల మీదికి పోతుంది గాని, ఆ శాపంలో ఉన్న తీర్పు మీదికి పోదు. శాపం తగిలింది నవ్వినవాడికి, వంగలేకపోయినవాడికి కాదు. ఒళ్లు సహకరించకపోయినా నమస్కారానికి పూనుకున్న ఆ దేవుణ్ణే మనం ప్రతి పనికీ తొలిపూజకు పిలుస్తున్నాం. వంగలేని ఒంటిని ధర్మం ఎంతవరకు అడుగుతుంది, ఎక్కడ ఆగుతుంది అన్న ప్రశ్నకు ఇంతకన్నా మంచి మొదలు నాకు కనిపించదు.

హైదరాబాద్‌లో ఆ దేవుడి బొమ్మలకు పేరుపడ్డ చోటు ధూల్‌పేట్. పురానాపూల్‌కు, మంగళ్‌హాట్‌కు దగ్గరగా ఉన్న ఈ పేటలో ఉత్తరాది నుంచి వచ్చి స్థిరపడ్డ లోధీ కుటుంబాలు తరాలుగా విగ్రహాలు చేస్తున్నాయి. సంక్రాంతి పతంగులకూ ఈ పేటే పెట్టింది పేరు. బొమ్మల పనిలో మెడ దగ్గర జాగ్రత్త ఎక్కువ కావాలి. ఏనుగు తల, ముందుకు వాలే తొండం, పైన కిరీటం, ఇంత బరువూ కొద్దిపాటి జాగా మీద నిలవాలి. అందుకని లోపల కర్రలు నిలబెట్టి, కొబ్బరి పీచు కలిపిన ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పట్టిస్తారు. పురాణంలో తల తెగి మళ్లీ అతికిన చోటు కూడా అదే. బొమ్మ మెడకు ఉన్నది కర్ర నిలకడ. కదలదు గనకే నిలుస్తుంది. గట్టి కుదుపు తగిలితే సర్దుకోలేదు, పగులుతుంది. మనిషి మెడ నిలకడ వేరే జాతి. సుమారు 5 కిలోల తల ఏడు పూసల మీద ఆగి ఉంటుంది. తల పక్కలకు తిరిగే తిప్పుడులో దాదాపు సగం పై రెండు పూసల మధ్యే జరుగుతుంది. గొంతు వెనక, పూసలను అంటిపెట్టుకుని ఉండే సన్నని కండరాలు క్షణక్షణం బిగుస్తూ సడలుతూ ఆ తలను నిలుపుతాయి. వెన్నుకు వచ్చే ఒక వాపు జబ్బు ఈ రెండో నిలకడను తీసేసి మొదటిదాన్ని పెడుతుంది. జబ్బు ముదిరిన వెన్ను ఎక్స్‌రేలో గణుపులు గణుపులుగా కనిపిస్తుంది గనక వైద్యులు దానికి వెదురు వెన్ను అని పేరు పెట్టారు.

ఆ జబ్బు యాంకిలోజింగ్ స్పాండిలైటిస్. మెడ నొప్పి వచ్చిన ప్రతివాళ్లూ మన దగ్గర స్పాండిలైటిస్ అనే అంటారు. ఆ మాటతో వాళ్లు ఎక్కువగా చెప్పేది వయసుతో వచ్చే ఎముకల అరుగుదల గురించి. అది వేరు, ఇది వేరు. ఇది ఒంటి రక్షణ వ్యవస్థ సొంత ఒంటి మీదే తిరగబడి తెచ్చే వాపు. చాలావరకు 45 ఏళ్ల లోపే, ఎక్కువమందికి ఇరవైల్లోనే మొదలవుతుంది. నడుము కింద, కటి ఎముకలూ వెన్నూ కలిసే కీళ్లలో పుట్టి పైకి పాకుతుంది. మెడను చేరేసరికి ఏళ్లు పట్టవచ్చు. దీని ఆనవాలు తెల్లవారుజామున దొరుకుతుంది. పడుకుంటే నొప్పి పెరుగుతుంది, లేచి తిరిగితే తగ్గుతుంది. దీనికి విశ్రాంతే పగ. 1973లో ఈ జబ్బుకూ హెచ్‌ఎల్‌ఏ-బి27 అనే జన్యుగుర్తుకూ ఉన్న సంబంధం బయటపడింది. అయితే ఆ గుర్తు ఉన్నవాళ్లలో అత్యధికులకు జబ్బు రానే రాదు. ఈ సంగతి కర్మ గురించి మాట్లాడేటప్పుడు మళ్లీ అవసరపడుతుంది. వాపు వచ్చి పోయిన చోట కొత్త ఎముక పెరిగి పూసకూ పూసకూ వంతెన కడుతుంది. మెడ ముందుకు వాలి అలాగే బిగిసిపోతే ఆ మనిషికి ఎదుటివాళ్ల ముఖాల కంటే పాదాలే ఎక్కువగా కనిపిస్తాయి. శ్రీశైలం దాకా వెళ్లినా శిఖరదర్శనానికి తల ఎత్తలేడు. నమాజు చివర సలాం చెప్పడానికి కుడికీ ఎడమకీ ముఖం తిప్పలేడు.

మెడను నిలకడపరిచే కసరత్తులు చూడటానికి కసరత్తుల్లా ఉండవు. వెల్లకిలా పడుకుని, ఔనన్నట్టుగా గడ్డాన్ని కొద్దిగా లోపలికి దించి ఆపడం ఒకటి. మెడ మీద పైకి కనిపించే పెద్ద కండరాలు బిగియకూడదు, లోపలి సన్నని కండరాలే పని చేయాలి. కూర్చుని అరచేతిని నుదుటికి ఆనించి తలతో మెల్లగా నెట్టడం, అదే చేతితో ఆపడం ఇంకొకటి. బలం పడుతుంది గాని తల వెంట్రుకవాసి కూడా కదలదు. 5, 6 సెకన్లు ఉంచి వదలాలి. తరువాత పక్కలకు, ఆపైన వెనక్కు. రెండు రెక్క ఎముకలనూ వెనక్కి దగ్గరగా లాగి పట్టడం, గోడకు మడమలు, పిరుదులు, భుజాలు ఆనించి నిలబడి తల వెనక భాగాన్ని కూడా ఆనించబోవడం, కాసేపు బోర్లా పడుకోవడం, దీర్ఘంగా గాలి పీల్చి పక్కటెముకలను విప్పార్చడం. తల వెనక భాగానికీ గోడకూ మధ్య ఎన్ని సెంటీమీటర్లు మిగిలాయో వైద్యులు కొలిచి రాసుకుంటారు. ఇందులో చెమట లేదు, చూసేవాళ్లకు వింత లేదు, పూర్తయిందని చెప్పుకునే రోజు లేదు. కొద్ది నిమిషాలు, రోజూ, బతికున్నంతకాలం.

ఈ శ్రమకు వచ్చేది ఏమిటి? నా వాదమంతా ఈ జవాబు మీదే నిలుస్తుంది గనక ఇక్కడ నిజాయితీగా ఉండాలి. 2019లో కాక్రేన్ సంస్థ సమీక్ష ఈ జబ్బుకు వ్యాయామం మీద జరిగిన 14 పరీక్షలను, 1,500 మందికి పైగా రోగుల ఫలితాలను కలిపి చూసింది. ఏమీ చేయనివాళ్లతో పోలిస్తే చేసినవాళ్ల పనిసామర్థ్యం కొద్దిగా మెరుగుపడుతుందని, నొప్పి తగ్గవచ్చని తేల్చింది. కొద్దిగా అన్నదే అక్కడి మాట. నార్వే, స్వీడన్‌లలో 100 మందితో 3 నెలలు గట్టి వ్యాయామం చేయించి చూసినప్పుడు జబ్బు బాధలు పెరగలేదు, తగ్గాయి. శ్రమిస్తే వాపు రేగుతుందన్న భయానికి అది మంచి జవాబు. అదే 2019లో అమెరికా కీళ్లవాత వైద్యుల సంఘం తన మార్గదర్శకాల్లో జబ్బు చురుగ్గా ఉన్నవాళ్లకు ఫిజియోథెరపీని గట్టిగా సిఫారసు చేసింది. మర్దన, కాపడం వంటివాటి కంటే రోగి తానుగా చేసే కసరత్తుకు మొగ్గు చూపింది. మెడ ఒక్కదాని మీదే జరిగిన పరీక్షలు వెన్ను మొత్తం మీద జరిగినవాటి కంటే బాగా తక్కువ. ఇక ఎముక అతుక్కోవడాన్ని కసరత్తు ఆపేస్తుందని మాత్రం రుజువు కాలేదు. జబ్బు నయం కాదు. చేస్తే వరం దొరకదు, మానేస్తే నష్టం ఉంటుంది. ఇలాంటి పనిని ఒక మనిషి ముప్పై, నలభై ఏళ్లు ఏ బలంతో చేయాలి?

ఈ ప్రశ్న వైద్యానికి కొత్త కావచ్చు, మన మీమాంసకులకు కొత్త కాదు. వాళ్లు కర్మలను విడదీసిన తీరు చూడండి. ఒక కోరికతో చేసేది కామ్యకర్మ. వాన కోసం చేసే కారీరేష్టి అలాంటిది. కోరిక లేనివాడికి దానితో పని లేదు. ఫలం కోసం కాక, చేయవలసి ఉంది గనక జీవితాంతం చేసేది నిత్యకర్మ. అగ్నిహోత్రం అలాంటిది. చేసినందుకు ప్రత్యేకంగా స్వర్గమేమీ రాదు, మానితే ప్రత్యవాయం, అంటే కీడు. నిత్యకర్మకు అసలు ఫలం ఉందా అని మీమాంసలోని రెండు శాఖలవాళ్లు, భాట్టులూ ప్రాభాకరులూ, తరాలు వాదించుకున్నారు. కీడు తొలగడమే ఫలమని మొదటివాళ్లు, విధి ఉండటమే చాలు, ఫలం వెతకనక్కరలేదని రెండోవాళ్లు. నేను చెప్పదలచిన ఒకే మాట ఇది: ఈ జబ్బు ఉన్నవాళ్లు మెడ కసరత్తును కామ్యకర్మగా మొదలుపెడతారు, అందుకే మానేస్తారు. అది నిత్యకర్మ. నొప్పి పోవాలని మొదలుపెట్టినవాడు నొప్పి పోతే పోయిందని మానేస్తాడు, పోకపోతే పోలేదని మానేస్తాడు. రెండు దారులూ మానేయడానికే. స్నానానికి, సంధ్యకు, నమాజుకు నిన్నటి ఫలితం చూసుకుని ఎవరూ పూనుకోరు. ఈ కసరత్తుకూ ఆ చోటు ఇవ్వాలి.

పోలిక ఇంతవరకే అయితే వ్యాసం రాయనక్కరలేదు; దీని అసలు విలువ తరువాతి మెట్టులో ఉంది. మీమాంసకు మూలమైన జైమిని సూత్రాల ఆరో అధ్యాయం మూడో పాదంలో ఒక చర్చ వస్తుంది. కర్మకున్న అంగాలన్నీ చేయలేనివాడు ఆ కర్మకు అర్హుడేనా? కామ్యకర్మలో ఒక్క అంగం తగ్గినా ఫలం దక్కదు గనక, అన్నీ చేయగలిగితేనే మొదలుపెట్టాలి. నిత్యకర్మలో అలా కాదు. చేయగలిగినన్ని అంగాలతో చేసినా కర్మ చేసినట్టే. యథాశక్తి న్యాయం అని దీనికి పేరు. వాడుకలో యథాశక్తి అన్న మాటను చందా తగ్గించుకోవడానికి వాడుకుంటున్నాం గాని, దాని పుట్టుక చాలా గంభీరమైనది. జీవితాంతం అడిగే విధి జీవితంలోని అన్ని స్థితులనూ లెక్కలోకి తీసుకోవాలి. అప్పుడే అది న్యాయమైన విధి. కుమారసంభవం అయిదో సర్గలో బ్రహ్మచారి వేషంలో వచ్చిన శివుడు పార్వతిని అడిగేదీ ఇదే. ధర్మం చేయడానికి శరీరమే మొదటి సాధనమన్న శ్లోకం చివరి పాదాన్ని అందరూ అప్పజెబుతారు. శక్తికి తగినంతే తపస్సు చేస్తున్నావా అని కుశలమడిగే దాని ముందరి పాదాన్ని వదిలేస్తారు. వాపు రేగిన వారంలో గోడకు ఆని రెండు నిమిషాలు గాలి పీల్చి వదిలినవాడు ఆ రోజు కసరత్తు మానినట్టు కాదు. అంగాలు తగ్గించి చేశాడు.

పురానాపూల్ చుట్టుపక్కల పేటల్లో గుడిగంటా అజానూ రెండూ వినపడతాయి. ఇస్లాం ఈ ప్రశ్నకు ఇచ్చిన జవాబు దాదాపు అదే ఆకారంలో ఉండటం నన్ను ఆకట్టుకుంటుంది. ఇమ్రాన్ బిన్ హుసైన్ అనే సహచరుడు మూలవ్యాధితో బాధపడుతూ నమాజు ఎలా చేయాలని ప్రవక్తను అడిగాడని బుఖారీ సంకలనంలో ఉంది. నిలబడి చేయమని, అది చేతకాకపోతే కూర్చుని, అదీ కాకపోతే పక్కకు ఒరిగి చేయమని వచ్చిన జవాబు మీద ఫిఖ్, అంటే ఇస్లాం ధర్మశాస్త్ర, పండితులు పెద్ద నిర్మాణమే కట్టారు. నేలకు నుదురు ఆనించలేనివాడు తలతో సైగ చేస్తాడు. నడుము వంచే రుకూకు చేసే సైగ కంటే నుదురు నేలకు ఆనించే సజ్దాకు చేసే సైగ కాస్త కిందికి ఉండాలి. వంగే కొలత మారింది గాని విధి పోలేదు. రోజూ నిలకడగా చేసే చిన్న పని దేవుడికి ఇష్టమని హజ్రత్ ఆయిషా చెప్పిన హదీసూ అక్కడే ఉంది. రెండు సంప్రదాయాలూ ఒకదాన్ని చూసి ఒకటి రాసుకోలేదు. రోజూ చేయమని అడిగే ఏ ధర్మమైనా రోగి ఎదురుపడ్డప్పుడు ఈ జవాబుకే చేరుకుంటుందని నేననుకుంటాను.

శాస్త్రం చదివినవాళ్లు ఇక్కడ అడ్డు చెప్పవచ్చు. నిత్యకర్మకు ప్రమాణం వేదవిధి. ఫిజియోథెరపిస్టు చెప్పింది విధి ఎలా అవుతుంది? కాదు. గడ్డం లోపలికి దించితే పుణ్యమని నేననడం లేదు. మీమాంస నుంచి తీసుకుంటున్నది ఆచరణ రూపాన్ని మాత్రమే. ఫలం మీద ఆశ పెట్టకుండా, మానితే వచ్చే కీడును మరవకుండా, శక్తి కొద్దీ చేసే పనికి మన భాషలో అప్పటికే ఒక ఇల్లు కట్టి ఉంది. దాన్ని ఖాళీగా వదిలేసి, పట్టుదల, మోటివేషన్ అన్న మాటలతో గుడారం వేసుకోనక్కరలేదు. పట్టుదల మనసు బాగున్న రోజు ఉంటుంది. నియమం మనసు బాగాలేని రోజు కోసం.

రెండో అభ్యంతరం మన వీధుల్లో ఎక్కువగా వినిపించేది. ఇది పూర్వజన్మ కర్మ, అనుభవించక తప్పదు, లేదా అల్లా ఇచ్చిన పరీక్ష, ఓర్చుకోవాలి. ఓర్పు గొప్ప గుణమే. కాని ఈ మాట చాలాసార్లు ఓర్పును కాక చేతులు ముడుచుకోవడాన్ని నేర్పుతుంది. మనిషి అనుభవించేదంతా పూర్వకర్మ ఫలమేనా అని సీవకుడనే పరివ్రాజకుడు అడిగినప్పుడు బుద్ధుడు కాదన్నాడు. పైత్యం, శ్లేష్మం, వాతం, వాటి కలయిక, రుతువుల మార్పు, ఒంటిని సరిగా చూసుకోకపోవడం, దెబ్బలు, ఇవన్నీ చెప్పి చివర కర్మను కూడా ఒకటిగా చేర్చాడని సంయుత్త నికాయం చెబుతుంది. ఆయుర్వేద ఆచార్యుడు చరకుడు తన సంహితలోని విమానస్థానం మూడో అధ్యాయంలో దైవాన్నీ పురుషకారాన్నీ రెండు బలాలుగా తూచి, బలహీనమైన దైవాన్ని మనిషి ప్రయత్నం గెలుస్తుందని అన్నాడు. అంతా ముందే రాసిపెట్టి ఉంటే వైద్యంతో పనేమిటన్నది ఆయన వాదం. హెచ్‌ఎల్‌ఏ-బి27 చెప్పే సంగతీ దీనికి దూరంగా లేదు. పుట్టుకతో వచ్చిన గుర్తు ఉన్నా, జబ్బు వచ్చి తీరాలని లేదు. ఇస్లాంలోనూ మందు లేని రోగాన్ని దేవుడు దింపలేదన్న హదీసు ఉండనే ఉంది. తెలుగు నేల ఈ విషయంలో మాటలతో ఆగలేదు. రుద్రమదేవి కాలంలో, 1261 నాటి మల్కాపురం శాసనం, గోళకీ మఠానికి ఇచ్చిన దానంలోంచి ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు వాటా పెట్టింది. మహమ్మద్ కులీ కుతుబ్ షా 1595లో హైదరాబాద్‌లో కట్టించిన దారుల్‌షిఫా ఆసుపత్రి ఇవాళ ఒక పేట పేరుగా మిగిలింది. రోగాన్ని కర్మ అని వదిలేయడమే భక్తి అయితే, ఆ మఠం ఆరోగ్యశాలను ఎందుకు నడిపింది?

మూడో అభ్యంతరం పైమెట్టు మీది నుంచి వస్తుంది. నువ్వు దేహం కావు అని వేదాంతం చెబుతుంటే మెడ పూసల గురించి ఇంత తపన ఎందుకు? దీనికి జవాబు గీతలోనే ఉంది. ఆరో అధ్యాయంలో ధ్యానం ఎలా కూర్చుని చేయాలో చెప్పేటప్పుడు కృష్ణుడు మొండెం, మెడ, తల ఒక వరుసలో నిటారుగా, కదలకుండా ఉంచమంటాడు. దేహం నేను కాదని తెలుసుకునే ప్రయాణం మెడను నిలపడంతో మొదలవుతోంది. ఆ నిలకడ బిగుసుకుపోవడం కాదన్నది గమనించాలి. బిగుసుకున్న మెడకు నిలబెట్టమని చెప్పనక్కరలేదు, అది నిలిచే ఉంటుంది. చెప్పవలసింది ఊగగలిగి, వాలగలిగి, నిలబడాలని ఎంచుకునే మెడకు. పతంజలి ఆసనం గురించి చెప్పినప్పుడు స్థిరత్వం పక్కనే సుఖాన్ని పెట్టింది ఇందుకే కావచ్చు. అరచేతికి నుదురు ఆనించి కదలకుండా నెట్టే ఆ 6 సెకన్లలో మెడ బయటికి బొమ్మలా ఉంటుంది, లోపల ప్రతి కండరం పని చేస్తూ ఉంటుంది. స్థితప్రజ్ఞత గురించి చదివినప్పుడల్లా నాకు ఈ భేదం గుర్తుకు వస్తుంది. ఏమీ తగలని రాయి స్థిరత్వం ఒకటి, అన్నీ తగులుతున్నా కుదురుగా ఉన్న మనిషి స్థిరత్వం ఇంకొకటి.

ఇక అన్నిటికంటే బరువైన అభ్యంతరం. కసరత్తును విధిగా, మానడాన్ని ప్రత్యవాయంగా చెబితే, రేపు మెడ బిగిసిపోయిన రోగి తన తప్పు వల్లే ఇలా అయిందని కుమిలిపోడా? రోజూ చేసినా కొందరి మెడ బిగుస్తుంది. నిర్లక్ష్యం చేసినా కొందరికి తేలిగ్గా పోతుంది. వ్యాధి మీద నేరం కూడా మోపడం క్రూరత్వం. ఈ భయం న్యాయమైనది. అందుకే ఇక్కడ శంకరుల మాట కావాలి. తైత్తిరీయోపనిషత్తు భాష్యం మొదట్లోనే ఆయన మీమాంసకులతో తలపడతాడు. చేయకపోవడం అనేది అభావం. అభావం నుంచి పాపమనే ఉన్న వస్తువు ఎలా పుడుతుంది? కర్మ చేయకపోవడం పాపానికి కారణం కాదు, ముందే పోగుపడి ఉన్న దోషానికి అది ఒక గుర్తు మాత్రమే అంటాడు. ఆయన ప్రయోజనం మోక్షం కర్మతో రాదని చూపించడం. అయినా ఆ తర్కం రోగికి పనికొస్తుంది. ఎముకను అతికించింది వాపు, మానేసిన కసరత్తు కాదు. మానేసిన వారం చాలాసార్లు ఒక గుర్తు: ఆ వారం నొప్పి ఎక్కువైందనో, నిద్ర లేదనో, పని ఒత్తిడి పెరిగిందనో, మందు కొనడానికి డబ్బు లేదనో చెప్పే గుర్తు. ఇంట్లోవాళ్లు ఎందుకు మానేశావని నిలదీయడానికి బదులు ఆ గుర్తును చదవాలి. ప్రత్యవాయాన్ని నేను వాడుతున్నది జరగబోయే నష్టానికి హెచ్చరికగా మాత్రమే, జరిగినదానికి శిక్షగా కాదు.

డబ్బు, పని అన్నాను గనక ఇంకో సంగతి కూడా చెప్పాలి. రోగికి నియమం బోధించడం సులువు. నియమానికి చోటు ఇవ్వడం కష్టం. చవితి దగ్గరపడ్డప్పుడు ధూల్‌పేట్ పనివాడు విగ్రహాల మీద గంటల తరబడి వంగి ఉంటాడు. రంగులు వేయడానికి, కళ్లు దిద్దడానికి మెడ ఒక్క తీరున నిలవాలి. అలాంటి పనివాడికి ఈ జబ్బు ఉంటే, గంటకోసారి లేచి గోడకు ఆనే రెండు నిమిషాలు ఎవరి దయ మీదా ఆధారపడకూడదు. పని ఇచ్చినవాడికీ ఒక నిత్యకర్మ ఉంది. మందుల విషయమూ అంతే. 2003 నుంచి ఈ జబ్బుకు వాడుకలోకి వచ్చిన టీఎన్ఎఫ్ అనే వాపు కారకాన్ని అడ్డుకునే మందులు చాలామంది బతుకును మార్చాయి. 2014 చివర మన దేశంలోనే వాటిలో ఒకటైన అడాలిముమాబ్ తయారై ధర తగ్గింది. అయినా రోజుకూలీకి అది ఇంకా అందని మాటే. క్షయ లోపల దాగి ఉందేమో చూడకుండా ఆ మందులు మొదలుపెట్టకూడదు కూడా. మందు ఉన్నవాడికి కసరత్తు ఎందుకని అడిగేవాళ్లున్నారు. మందు వాపును అణుస్తుంది. వాడక నీరసించిన మెడ కండరానికి బలం ఇవ్వదు. కసరత్తు ఉన్నవాడికి మందు ఎందుకన్న మాట అంతకంటే ప్రమాదకరం. రెండూ కావాలి.

విధి ఉన్నచోట నిషేధమూ ఉంటుంది, ఈ జబ్బులో నిషేధం ప్రాణం మీది మాట. పూసలు అతుక్కున్న మెడ బొమ్మ మెడలాగే పెళుసు. క్షవరం అయ్యాక మెడను పట్టుకుని టక్కున తిప్పి విరవడం, పట్టు వదిలిస్తామని పహిల్వాన్ల దగ్గర మెడ లాగించుకోవడం పాతబస్తీలో అలవాటైన సంగతులు. వెన్ను అతుక్కున్నవాళ్లకు ఇలాంటి విరుపు చేయనే కూడదని పైన చెప్పిన 2019 మార్గదర్శకాలు గట్టిగా చెప్పాయి. బాత్‌రూమ్‌లో చిన్నగా జారిపడ్డా, ఆటో కుదుపుకు తల ఊగినా ఆ మెడ విరగవచ్చు. ఆ తరువాత కొత్త రకం నొప్పి వచ్చినా, చేతుల్లోకి కరెంటు పాకినట్టు అనిపించినా, కాళ్లు తడబడినా అది కసరత్తు చేసే సమయం కాదు, ఆసుపత్రికి వెళ్లే సమయం. తీసుకువెళ్లేటప్పుడు వంగి ఉన్న మెడను బలవంతంగా చాపి పడుకోబెట్టకూడదు. ముందు నుంచీ ఎలా వంగి ఉందో అలాగే కింద దిండ్లు పెట్టి ఆనించాలి. పై రెండు పూసల మధ్య పట్టు సడలి ఉంటే కొన్ని కసరత్తులే హాని. అందుకే ఎక్స్‌రే చూసిన వైద్యుడు, మెడను పరీక్షించిన ఫిజియోథెరపిస్టు చెప్పాకే ఏదైనా మొదలుపెట్టాలి. యథాశక్తి అన్న మాటకు ఇక్కడ ఇంకో అర్థం ఉంది: శక్తి ఎంతో ముందు తెలుసుకోవడం.

45 ఏళ్ల లోపు మొదలై మూడు నెలలు దాటిన నడుము నొప్పి, తెల్లవారుజామున నిద్ర లేపి, లేచి తిరిగితే తగ్గుతుంటే, దాన్ని గ్యాస్ అనీ పరుపు మార్చితే పోతుందనీ అనుకోకండి. కీళ్లవాత నిపుణుడికి చూపించండి. ధూల్‌పేట్‌కు దగ్గరలోనే అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఉంది. గుడి, మసీదు నడిపే పెద్దలకు ఒక విన్నపం. తల ఎత్తి దేవుణ్ణి చూడలేని మనిషి, నేలకు నుదురు ఆనించలేని మనిషి మీ గుమ్మంలోకి వచ్చినప్పుడు ఎందుకు వంగలేదని ఎవరూ అడగకుండా చూడండి. గోడ పక్కన ఒక కుర్చీ వేసి ఉంచండి. ఆ గోడను కొంచెం ఖాళీగా వదలండి. పూజ అయ్యాకో నమాజు అయ్యాకో అతను దానికి మడమలు ఆనించి కాసేపు నిలబడతాడు.